గ్రాహకం లేదా, ప్రతిరక్షకం పని చేయలేదా? గులాబీ రంగు పురుగు పరిశోధనలో పాలీక్లోనల్ ప్రతిరక్షకాల వినియోగం, నిల్వ

బి.టి. ప్రత్తి కాయను చీల్చినపుడు లోపల గులాబీ రంగు పురుగు సజీవంగా కనిపిస్తే రైతు అడిగే ప్రశ్న ఒక్కటే: పురుగును చంపవలసిన పంట దానిని ఎందుకు చంపలేకపోయినది? దీనికి మూడు విధాల సమాధానాలు ఉండవచ్చును. విత్తనంలో బి.టి. జన్యువే లేకపోవచ్చును. జన్యువు ఉన్నప్పటికీ, పంట వయస్సు పెరిగిన కొద్దీ మొక్క భాగాలలో విష ప్రోటీన్ పరిమాణం తగ్గి, పురుగును చంపే స్థాయి కంటే దిగువకు పడిపోయి ఉండవచ్చును. ఈ రెండూ కానపుడు పురుగే మారి ఉండవచ్చును. కారణాన్ని బట్టి సిఫారసు మారుతుంది. విత్తనం నకిలీదైతే చర్య తీసుకోవలసినది విత్తనం అమ్మిన వారిపై. పురుగు మారినదైతే ఒక్క రైతు చేయగలిగినది తక్కువ. ఆ ప్రాంతమంతటా పంటకాలాన్ని కుదించి, లింగాకర్షక బుట్టలతో నిఘా పెట్టి, ప్రత్తి కట్టెను పొలంలో నిల్వ ఉంచకుండా చూడవలసి వస్తుంది.

మొదటి రెండు ప్రశ్నలకు సమాధానం ఆకు నుండి లభిస్తుంది. క్రై1ఏసీ ప్రోటీన్‌ను గుర్తించే ప్రతిరక్షకాలు పూసిన పరీక్షా పట్టీని ఆకు రసంలో ముంచితే కొన్ని నిమిషాలలో ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. ఎంత ఉన్నదో ఎలైజా పరీక్ష చెబుతుంది. మూడవ ప్రశ్న కొంత లోతైనది. పురుగు మారినదా అన్నది విషం కలిపిన కృత్రిమ ఆహారంపై పెంచి చూసి తేల్చవలెను. ఎందువల్ల మారినదన్నది మాత్రం పురుగు మధ్యాంత్రంలోని గ్రాహకాలను పరిశీలించి తేల్చవలెను. అక్కడ కూడా మన చేతిలోని సాధనం ప్రతిరక్షకమే, ముఖ్యంగా కుందేలులో తయారు చేసిన పాలీక్లోనల్ ప్రతిరక్షకం.

సస్యశాస్త్ర ఆచార్యుడు సీరం గొట్టాల గురించి వ్రాయడమేమిటని పాఠకులకు సందేహం కలుగవచ్చును. పొలంలో మేము ఇచ్చే సిఫారసుకు పునాది కొన్నిసార్లు ఒక నైట్రోసెల్యులోజ్ పొరపై కనిపించిన, లేదా కనిపించని, ఒక సన్నని పట్టీ. ఆ పట్టీ ఎంత నమ్మదగినదో తెలుసుకొనవలసిన బాధ్యత దానిని వాడుకొనే మాపై కూడా ఉన్నది.

గ్రాహకం కథ

పురుగు తిన్న క్రై1ఏసీ ప్రోటీన్ మధ్యాంత్రంలోని క్షార స్థితిలో కరిగి, అక్కడి ఎంజైముల చేత కత్తిరింపబడి, క్రియాశీల రూపం పొందుతుంది. ఆ తరువాత అది మధ్యాంత్ర కణాల ఉపరితలంపై కుచ్చువలె ఉండే పొరలోని కొన్ని ప్రోటీన్లను పట్టుకొంటుంది. వాటిలో ముఖ్యమైనది కాడ్‌హెరిన్. అమైనోపెప్టిడేజ్-ఎన్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, ఏబీసీసీ2 అనే రవాణా ప్రోటీన్ కూడా ఈ క్రమంలో పాలుపంచుకొంటాయి. చివరకు పొరలో రంధ్రాలు ఏర్పడి, కణాలు ఉబ్బి పగిలి, పురుగు ఆహారం మాని చనిపోతుంది. పట్టుకొనవలసిన గ్రాహకం లేకపోయినా, దాని ఆకారం మారినా ఈ గొలుసు మధ్యలోనే తెగుతుంది.

కాడ్‌హెరిన్ గ్రాహకాన్ని తొలుత గుర్తించినది పొగాకును ఆశించే హార్న్‌వర్మ్ అనే పెద్ద పురుగులో. అమెరికాలోని వయోమింగ్ విశ్వవిద్యాలయంలో రత్న వడ్లమూడి, లీ బుల్లా, వారి సహచరులు 1993లో సుమారు 210 కిలోడాల్టన్ల బరువు గల ఈ ప్రోటీన్‌ను వేరుచేసి, 1995లో దాని జన్యువును క్లోనింగ్ చేసి ప్రకటించారు. 2001లో మరొక కాయతొలుచు పురుగులో, ఒక చలన జన్యుఖండం కాడ్‌హెరిన్ జన్యువు మధ్యలో చొరబడి దానిని విరిచివేయడం వల్లనే నిరోధక శక్తి వచ్చినట్లు తేలినది. గులాబీ రంగు పురుగు విషయంలో, అరిజోనా పొలాల నుండి సేకరించి ప్రయోగశాలలో ఎంపిక చేసిన సంతతులలో మూడు విధాల కాడ్‌హెరిన్ ఉత్పరివర్తనాలు ఉన్నట్లు 2003లో వెల్లడైనది.

మన దేశంలో ఒకే జన్యువు గల బి.టి. ప్రత్తికి 2002లోను, రెండు జన్యువులు గల రకానికి 2006లోను అనుమతి లభించినది. గుజరాత్‌లోని అమ్రేలి, భావ్‌నగర్, జునాగఢ్, రాజ్‌కోట్ జిల్లాలలో గులాబీ రంగు పురుగు క్రై1ఏసీని తట్టుకొంటున్నదని 2010లో ప్రకటన వెలువడినది. 2014లో ప్రచురితమైన ఒక అధ్యయనం భారతీయ నిరోధక పురుగులలో ఎనిమిది కొత్త కాడ్‌హెరిన్ యుగ్మవికల్పాలను, వాటి నుండి పుట్టిన 19 రకాల సందేశక ఆర్‌ఎన్‌ఏ రూపాలను వివరించినది. వాటిలో కొన్ని మధ్యలోనే అర్థాంతరంగా ముగుస్తాయి. కొన్నింటిలో పెద్ద భాగాలే లోపించాయి. కొన్నింటిలో రెండు లోపాలూ ఉన్నాయి. అంటే ఇక్కడి పురుగు ఒకే దారిలో కాక అనేక దారులలో తప్పించుకొన్నది.

ఈ వైవిధ్యమే ప్రతిరక్షకం వాడేవారికి మొదటి చిక్కు. డి.ఎన్.ఏ. చదివితే జన్యువు ఎక్కడ విరిగినదో తెలుస్తుంది. విరిగిన జన్యువు నుండి ఏదైనా ప్రోటీన్ తయారగుచున్నదా, తయారైనది పొర వరకు చేరుచున్నదా అన్నది ప్రోటీన్‌ను చూస్తేనే తెలుస్తుంది. చూపించేది ప్రతిరక్షకం. అయితే ప్రతిరక్షకం పలికినపుడు కంటే పలుకనపుడే ఎక్కువ జాగ్రత్త అవసరం. నిరోధక పురుగు నమూనాలో పట్టీ కనిపించలేదంటే గ్రాహకం లేదని అర్థం కావచ్చును. ప్రతిరక్షకం డీప్ ఫ్రీజర్‌లోనే చెడిపోయినదని కూడా అర్థం కావచ్చును. పొరపై ఈ రెండూ ఒకే విధంగా ఖాళీగా కనిపిస్తాయి.

పాలీక్లోనల్ అనగా ఏమి?

కుందేలుకు ఒక ప్రోటీన్ భాగాన్ని సూదిమందుగా ఎక్కించినపుడు దాని శరీరం ఆ భాగంలోని అనేక స్థానాలకు వ్యతిరేకంగా ప్రతిరక్షకాలను తయారు చేస్తుంది. ఒక్కొక్క స్థానాన్ని ఒక్కొక్క కణవంశం నుండి వచ్చిన ప్రతిరక్షకం గుర్తిస్తుంది. ఈ వంశాలన్నింటి కలగూరగంపయే పాలీక్లోనల్ సీరం. ఒకే వంశం నుండి వచ్చే మోనోక్లోనల్ ప్రతిరక్షకం ఒకే స్థానాన్ని పట్టుకొంటుంది. ఆ స్థానం వేడికో, ఫార్మలిన్‌కో చెదిరినట్లయితే ఇక ఏమీ గుర్తించదు. పాలీక్లోనల్ సీరంలో ఒక వంశం విఫలమైనా మరొకటి పట్టుకొంటుంది. కాబట్టి తక్కువ పరిమాణంలో ఉన్న గ్రాహకాన్ని వెదకడానికి, ఒక జాతి పురుగు గ్రాహకానికి తయారు చేసిన ప్రతిరక్షకంతో దగ్గరి జాతిలో వెదకడానికి ఇది అనుకూలమైనది. ఖర్చు కూడా తక్కువ. మన విశ్వవిద్యాలయాల స్థాయికి ఇదే తగినదని నా అభిప్రాయం.

దీనికి మూల్యం మరొక రూపంలో చెల్లించవలసి ఉంటుంది. కుందేలు సీరంలోని మొత్తం ప్రతిరక్షకాలలో మనకు కావలసినవి కొద్ది శాతం మాత్రమే. మిగిలినవన్నీ ఆ జంతువు జీవితంలో ఎదుర్కొన్న సూక్ష్మజీవులకు, ఇతర పదార్థాలకు సంబంధించినవి. ప్రోటీన్ భాగాన్ని ఈ.కోలై బాక్టీరియాలో తయారు చేయించి ఉంటే, దానితోపాటు మిగిలిపోయిన బాక్టీరియా ప్రోటీన్లకు కూడా ప్రతిరక్షకాలు పుడతాయి. పురుగు మధ్యాంత్రంలో సహజంగానే బాక్టీరియా ఉంటాయి కనుక అనవసరపు పట్టీలు కనిపించడంలో వింత లేదు. సీరాన్ని ముందుగా ఈ.కోలై కణసారంతో కలిపి, ఏర్పడిన మడ్డిని వేరుచేసి వాడితే ఈ బెడద చాలవరకు తగ్గుతుంది. ప్రతిజనకాన్ని అతికించిన గుళికల స్తంభం గుండా పంపి, అవసరమైన ప్రతిరక్షకాలను మాత్రమే పట్టి తీయడం ఇంకా మేలైన పద్ధతి. అయితే ఆమ్ల ద్రావణంతో విడిపించిన వెంటనే ప్రతి గొట్టంలోను ట్రిస్ ద్రావణంతో ఆమ్లతను సరిచేయవలెను. ఆలస్యమైతే శుద్ధి చేసినది శుద్ధిగానే చెడిపోతుంది.

టీకా వేయడానికి ముందు అదే కుందేలు నుండి తీసిన సీరం గురించి ప్రత్యేకంగా చెప్పవలెను. దీనిని పూర్వ సీరం అనుకొందాము. పరిశోధక విద్యార్థుల మౌఖిక పరీక్షలలో నేను అడిగే మొదటి ప్రశ్న దీని గురించే. టీకా వేసిన తరువాత దీనిని ఏ ధరకూ తిరిగి సంపాదించలేము. సంస్థాగత జంతు నైతిక సమితికి దరఖాస్తు వ్రాసే రోజుననే పూర్వ సీరం ఎంత తీయవలెనో, ఎక్కడ నిల్వ చేయవలెనో నిర్ణయించుకొనవలెను. బయటి సంస్థ ద్వారా తయారు చేయించినపుడు పూర్వ సీరం కూడా పంపవలెనని కొనుగోలు ఉత్తరువులోనే వ్రాయించవలెను.

ప్రతిజనకం ఎంపికలో భారతీయ గులాబీ రంగు పురుగు ఒక ప్రత్యేక జాగ్రత్తను కోరుతుంది. క్రై1ఏసీ పట్టుకొనే ప్రాంతం కాడ్‌హెరిన్ చివరి భాగంలో, కణ పొరకు దగ్గరగా ఉంటుంది కాబట్టి సాధారణంగా ఆ భాగానికే ప్రతిరక్షకం తయారు చేస్తారు. జన్యువు మధ్యలోనే ముగిసిపోయిన పురుగులో మొదటి భాగం మాత్రమే తయారు కావచ్చును. చివరి భాగపు ప్రతిరక్షకానికి అది కనిపించదు. అపుడు "గ్రాహకం తయారు కాలేదు" అని వ్రాయుట తప్పు. "చివరి భాగం కనిపించలేదు" అని వ్రాయుట ఒప్పు. మొదటి భాగానికి ఒకటి, చివరి భాగానికి ఒకటిగా రెండు సీరాలు తయారు చేయించుకొంటే ఈ సందేహం తీరుతుంది. రెండవ కుందేలు ఖర్చుకు వెనుకాడి, తరువాత నాలుగు సంవత్సరాల దత్తాంశాలను అనుమానంలో ఉంచుకొనడం మంచి లెక్క కాదు.

నిల్వ

ప్రతిరక్షకం స్వతహాగా గట్టి ప్రోటీన్. మే నెల ఎండలో కొరియర్ పెట్టె రెండు రోజులు ఆలస్యంగా వచ్చినదని సీరాన్ని పారవేయనక్కరలేదు. పరీక్షించి చూస్తే చాలాసార్లు బాగానే ఉంటుంది. దానికి అసలు హాని చేసేది మాటిమాటికీ గడ్డకట్టి కరగడం. గడ్డకట్టేటపుడు నీరు ముందుగా మంచుగా మారి, లవణాలు, ప్రోటీన్ మిగిలిన కొద్దిపాటి ద్రవంలో చిక్కబడతాయి. ప్రోటీన్ అణువులు ఒకదానికొకటి అతుక్కొని ముద్దలు కడతాయి. కరిగిన తరువాత ఈ ముద్దలు ప్రతిజనకాన్ని పట్టుకొనలేవు సరికదా, పొరపై ఎక్కడబడితే అక్కడ అతుక్కొని మచ్చలను కలిగిస్తాయి. సంకేతం తగ్గుతుంది, నేపథ్యం పెరుగుతుంది. ముడి సీరంలో ఆల్బుమిన్ వంటి ఇతర ప్రోటీన్లు పుష్కలంగా ఉంటాయి కనుక అది ఈ ఒత్తిడిని కొంత తట్టుకొంటుంది. శుద్ధి చేసి పలుచగా ఉన్న ప్రతిరక్షకం అంతగా తట్టుకొనలేదు.

కాబట్టి సీరం వచ్చిన రోజుననే దానిని చిన్న చిన్న భాగాలుగా పంచి నిల్వ చేయవలెను. ఎంత చిన్నవి? ఒక పొరను 10 మిల్లీలీటర్ల ద్రావణంలో 1:1000 పలుచనలో ఉంచేటట్లయితే ఒకసారికి కావలసినది 10 మైక్రోలీటర్లు మాత్రమే. ఒక్కొక్క గొట్టంలో 20 నుండి 50 మైక్రోలీటర్లు ఉంచుట అనుకూలం. మరీ చిన్న భాగాలైతే ఫ్రీజర్‌లోనే నీరు ఆవిరై చిక్కబడుతుంది. గొట్టం గోడలకు అతుక్కొనే ప్రోటీన్ వాటా కూడా పెరుగుతుంది. ఒకసారి కరిగించిన గొట్టాన్ని తిరిగి గడ్డకట్టించరాదు. మిగిలినది 4 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచి కొద్ది వారాలలో వాడుకొనవలెను. దీర్ఘకాలిక నిల్వకు మైనస్ 80 డిగ్రీలు శ్రేష్ఠం. మైనస్ 20 డిగ్రీలు కూడా సీరానికి సరిపోతుంది. మొత్తం గొట్టాలలో సగం ఒక ఫ్రీజర్‌లోను, మిగిలిన సగం మరొక భవనంలోని ఫ్రీజర్‌లోను ఉంచడం తెలివైన పని. ఒక ఫ్రీజర్ ఆగిపోయినా పని ఆగదు.

మంచు పేరుకోని రకపు గృహోపయోగ ఫ్రీజర్లను ఈ పనికి వాడరాదు. మంచును తొలగించడానికి అవి తమంతట తామే మధ్యమధ్య వేడెక్కుతాయి. లోపలి చిన్న గొట్టాలు మనకు తెలియకుండానే కరిగి గడ్డకడుతూ ఉంటాయి. మంచు పేరుకొనే పాత రకం ఫ్రీజరే ఇక్కడ నయం.

ఇక విద్యుత్ అంతరాయం. ప్రధాన ప్రయోగశాలలలో జనరేటర్లు ఉన్నా, జిల్లా పరిశోధనా స్థానాలలో అన్ని వేళలా ఆ వసతి ఉండదు. ఉష్ణోగ్రత నమోదు చేసే పరికరం ఉంటే మంచిది. లేనిచోట ఒక సులభమైన ఉపాయం ఉన్నది. చిన్న గిన్నెలో నీరు పోసి గడ్డకట్టించి, ఆ మంచుపై ఒక రూపాయి నాణెం పెట్టి ఫ్రీజర్‌లో ఉంచవలెను. సెలవుల తరువాత వచ్చి చూసినపుడు నాణెం పైననే ఉంటే మంచు కరగలేదు. మంచులో కూరుకొని గాని, గిన్నె అడుగున గాని ఉంటే మనము లేనపుడు ఫ్రీజర్ ఆగి మళ్ళీ పని చేసినదని అర్థం. పెద్ద ఖర్చు లేని ఈ సాక్ష్యాన్ని నేను చూసిన ప్రయోగశాలలలో కొద్దిమందే వాడుతున్నారు.

గడ్డకట్టే సమస్యను తప్పించడానికి మరొక మార్గం గ్లిసరాల్. ప్రతిరక్షకానికి సమాన పరిమాణంలో గ్లిసరాల్ కలిపితే మైనస్ 20 డిగ్రీల వద్ద కూడా అది ద్రవంగానే ఉంటుంది. కావలసినపుడు కొద్దిగా తీసుకొని తిరిగి పెట్టవచ్చును. అయితే పరిమాణం రెట్టింపు అయినందున పలుచన లెక్కను సవరించుకొనవలెను. మరొక మాట: ఇలా కలిపిన గొట్టాన్ని మైనస్ 80 డిగ్రీలకు మార్చినట్లయితే అక్కడ అది కూడా గడ్డకడుతుంది; గ్లిసరాల్ కలిపిన ప్రయోజనం పోతుంది.

4 డిగ్రీల వద్ద ఉంచే సీరంలో సూక్ష్మజీవులు పెరగకుండా సోడియం ఎజైడ్‌ను 0.02 శాతం, అనగా 100 మిల్లీలీటర్లకు 20 మిల్లీగ్రాముల చొప్పున కలుపుతారు. ఇది తీవ్రమైన విషం. చేతి తొడుగులు లేకుండా తాకరాదు. దానిని కుండీలో పారబోస్తే రాగి, సీసపు గొట్టాలలో పేలుడు స్వభావం గల పదార్థాలు ఏర్పడగలవు. ఇంకొక చిక్కు కూడా ఉన్నది. ఎజైడ్ పెరాక్సిడేజ్ ఎంజైమును నిలిపివేస్తుంది. కాబట్టి పెరాక్సిడేజ్ జతపరచిన ద్వితీయ ప్రతిరక్షకంలో గాని, దానిని పలుచన చేసే ద్రావణంలో గాని ఎజైడ్ కలుపరాదు. ప్రాథమిక సీరంలో ఉన్న కొద్దిపాటి ఎజైడ్ పలుచనలోను, కడుగులలోను పోతుంది కనుక దానితో ఇబ్బంది లేదు. ఎంజైము జతపరచిన ద్వితీయ ప్రతిరక్షకాలను గడ్డకట్టించరాదు. తయారీదారు సూచన ప్రకారం 4 డిగ్రీల వద్ద ఉంచవలెను. ప్రతిదీప్తి రంగు జతపరచినవాటిని వెలుతురు తగలకుండా రేకు చుట్టి ఉంచవలెను.

పలుచన చేసిన ప్రతిరక్షకాన్ని ఆ రోజే వాడుట మంచిది. పాల పొడి ద్రావణంలో పలుచన చేసి వారం రోజులపాటు తిరిగి తిరిగి వాడే అలవాటు కొన్నిచోట్ల కనిపిస్తుంది. పొదుపు అర్థం చేసుకొనదగినదే. కానీ ప్రతి వాడకంలోను కొంత ప్రతిరక్షకం పొరకు అతుక్కొని పోతుంది. పాల పొడి పులిసిపోతుంది. ఐదవసారి వాడినపుడు తగ్గిన పట్టీ పురుగులో తగ్గిన గ్రాహకమని ఎవరు చెప్పగలరు?

ఖాళీ పట్టీని చదువుట

వెస్టర్న్ బ్లాట్‌లో గ్రాహకం కనిపించకపోవడానికి ప్రతిరక్షకం ఒక్కటే కారణం కాదు. మధ్యాంత్రం స్వతహాగా ప్రోటీన్లను జీర్ణం చేసే అవయవం. పురుగును కోసిన క్షణం నుండి దానిలోని ఎంజైములు కాడ్‌హెరిన్‌ను ముక్కలు చేయడం ప్రారంభిస్తాయి. కోతను మంచుపై ముగించి, ఆంత్రంలోని ఆహారాన్ని తొలగించి, ఎంజైము నిరోధకాలు కలిపిన చల్లని ద్రావణంలో కడిగి, వెంటనే గడ్డకట్టించవలెను. పొలం నుండి తెచ్చిన పురుగును మధ్యాహ్నం వరకు బల్లపై ఉంచి, పెంపకశాలలోని పురుగును అప్పటికప్పుడు కోసి, రెండింటినీ పోల్చినట్లయితే తేడా తప్పక కనిపిస్తుంది. ఆ తేడాకు నిరోధక శక్తితో సంబంధం ఉండదు.

రెండవది, ఇంత పెద్ద ప్రోటీన్ జెల్ నుండి పొరపైకి సులభంగా రాదు. తక్కువ శాతం జెల్ వాడి, మిథనాల్ తగ్గించి, చల్లని స్థితిలో రాత్రంతా బదిలీ చేయవలసి ఉంటుంది. రంగు కలిపిన ప్రామాణిక ప్రోటీన్లలో అన్నిటికంటే పెద్దది పొరపైకి చేరినదా అని ముందుగా చూడవలెను. అది జెల్‌లోనే నిలిచిపోయి ఉంటే ఆ బ్లాట్ నుండి కాడ్‌హెరిన్ గురించి ఏమీ చెప్పరాదు. ఏబీసీ రకపు రవాణా ప్రోటీన్ల విషయంలో చిక్కు వేరు. అవి పొరను అనేకసార్లు దాటి ఉంటాయి కనుక నమూనాను మరిగిస్తే ముద్దకట్టి జెల్ లోపలికే పోకపోవచ్చును. మరిగించకుండా తక్కువ వేడితో ప్రయత్నించి చూడవలెను.

అందువల్ల ఖాళీగా ఉన్న ఒక గడిని నమ్మాలంటే దాని పక్కన కొన్ని నిండుగా ఉన్న గడులు అవసరం. అదే రోజు, అదే పొరపై, విషానికి లొంగే సంతతి నమూనాలో పట్టీ స్పష్టంగా కనిపించవలెను. శుద్ధి చేసిన ప్రతిజనకాన్ని కొద్ది నానోగ్రాముల స్థాయిలో ఒక గడిలో ఉంచితే ప్రతిరక్షకం సజీవంగా ఉన్నదని రుజువవుతుంది. ఖాళీగా ఉన్న నిరోధక నమూనాలోనే అమైనోపెప్టిడేజ్-ఎన్‌ను మరొక ప్రతిరక్షకంతో చూపగలిగితే నమూనా చెడలేదని తెలుస్తుంది. ఈ మూడూ ఉన్నపుడు మాత్రమే గ్రాహకం కనిపించలేదన్న వాక్యానికి బలం వస్తుంది.

పట్టీ కనిపించినపుడు వేరే ప్రశ్నలు వేయవలెను. పూర్వ సీరంతో అదే పట్టీ వస్తే అది గ్రాహకం కాదు. సీరాన్ని ముందుగా శుద్ధ ప్రతిజనకంతో కలిపి ఉంచి, ఆ తరువాత వాడినపుడు నిజమైన పట్టీ మాయమై, అబద్ధపు పట్టీలు మిగులుతాయి. ద్వితీయ ప్రతిరక్షకాన్ని మాత్రమే వాడిన పొరపై ఏమీ రాకూడదు.

పట్టీ ఉన్నంత మాత్రాన గ్రాహకం పనిచేస్తున్నదని కూడా కాదు. చైనాలోని గులాబీ రంగు పురుగులో 2018లో వివరించిన ఒక ఉత్పరివర్తనంలో, పొరను దాటే భాగంలోని లోపం వల్ల కాడ్‌హెరిన్ కణ పొరకు చేరకుండా కణం లోపలి అంతర్జీవద్రవ్య జాలకంలోనే నిలిచిపోయినది. మొత్తం ఆంత్రాన్ని నూరి బ్లాట్ చేస్తే అటువంటి ప్రోటీన్ కనిపించే అవకాశం ఉన్నది. విషానికి మాత్రం అది అందదు. అందుచేత మధ్యాంత్రపు పలుచని ఛేదాలపై ప్రతిరక్షకాన్ని వాడి, గ్రాహకం ఉపరితలపు కుచ్చు పొరపై ఉన్నదా, కణం లోపల చిక్కుకొన్నదా చూడవలెను. ఇక్కడ ద్వితీయ ప్రతిరక్షకం ఎంపికలో ఒక చిన్న ఉచ్చు ఉన్నది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ మధ్యాంత్ర పొరలో సహజంగానే సమృద్ధిగా ఉంటుంది; అది స్వయంగా క్రై1ఏసీని పట్టుకొనే ప్రోటీన్లలో ఒకటి అని పైన చెప్పుకొన్నాము. ఆ ఎంజైమునే జతపరచిన ద్వితీయ ప్రతిరక్షకాన్ని ఛేదంపై వాడితే, ప్రాథమిక ప్రతిరక్షకం లేకున్నా మనము వెదికే పొరపైననే రంగు వస్తుంది. కాబట్టి ప్రతిదీప్తి రంగు గాని, ముందుగా హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కణజాలపు స్వంత ఎంజైమును అణచివేసి పెరాక్సిడేజ్ గాని వాడవలెను.

కాడ్‌హెరిన్ ప్రతిరక్షకం చెప్పలేని సంగతి కూడా ఒకటి ఉన్నది. రెండు జన్యువుల ప్రత్తిలోని క్రై2ఏబీ వేరే దారిన పనిచేస్తుంది. దానికి నిరోధకమైన గులాబీ రంగు పురుగులో లోపం ఏబీసీఏ2 అనే రవాణా ప్రోటీన్‌లో ఉన్నట్లు 2018లో తేలినది. ఈనాడు మన పొలాలలో ఉన్నది అధికంగా రెండు జన్యువుల ప్రత్తియే. కాడ్‌హెరిన్ పట్టీ నిండుగా కనిపించినదని పంట సురక్షితమని చెప్పుట తొందరపాటు అవుతుంది.

సీరం అయిపోయినపుడు

కుందేలు నుండి వచ్చే సీరం కొన్ని పదుల మిల్లీలీటర్లకు మించదు. ఆ జంతువు గతించిన తరువాత అదే ప్రతిరక్షకం మళ్ళీ పుట్టదు. అదే ప్రతిజనకంతో మరొక కుందేలుకు టీకా వేసినా వచ్చే మిశ్రమం వేరు. ఒకే కుందేలు నుండి వేర్వేరు నెలలలో తీసిన రక్తంలో కూడా బలం మారుతుంది. అనేక సంవత్సరాలపాటు జిల్లాల వారీగా పురుగులను పరిశీలించే కార్యక్రమంలో ఇది ముఖ్యమైన విషయం. మూడవ సంవత్సరంలో సీరం మార్చి, నాలుగవ సంవత్సరంలో పట్టీలు సన్నబడితే, మారినది పురుగా, సీరమా అన్న ప్రశ్నకు సమాధానం ఉండదు.

అందువలన పాత సీరం పూర్తిగా అయిపోకముందే కొత్తదానిని దానితో సరిపోల్చవలెను. కనీసం పది గొట్టాల పాత సీరాన్ని ఇందుకోసమే ముట్టుకొనకుండా ఉంచవలెను. లొంగే సంతతి నుండి ఒకేసారి పెద్ద మొత్తంలో మధ్యాంత్ర పొర నమూనాను తయారు చేసి, భాగాలుగా పంచి, మైనస్ 80 డిగ్రీల వద్ద ప్రామాణికంగా దాచుకొనవలెను. శుద్ధ ప్రతిజనకాన్ని వరుస పలుచనలలో చుక్కలుగా పొరపై వేసి, పాత, కొత్త సీరాలు ఎంత తక్కువ పరిమాణం వరకు గుర్తించగలవో పక్కపక్కన చూడవలెను. తరువాత ప్రామాణిక నమూనాపై రెండింటినీ 1:500 నుండి 1:10000 వరకు పలుచనలలో పరీక్షించి, సమానమైన పట్టీని ఇచ్చే పలుచనను ఎన్నుకొనవలెను. ఇదే చుక్కల పరీక్షను నిల్వలో ఉన్న సీరంపై ఆరు నెలలకొకసారి చేస్తే, అది బలహీనపడుట ప్రయోగం మధ్యలో కాక ముందుగానే తెలుస్తుంది.

ప్రతి గొట్టంపై కుందేలు సంఖ్య, రక్తం తీసిన తేదీ, ప్రతిజనక భాగం, గ్లిసరాల్ లేదా ఎజైడ్ ఉన్నదీ లేనిదీ చెరగని సిరాతో వ్రాయవలెను. అదే వివరాలతోపాటు గొట్టాన్ని కరిగించిన తేదీ, వాడినవారి పేరు, ఏ బ్లాట్‌కు వాడినదీ ఒక పుస్తకంలో నమోదు చేయవలెను. పరిశోధక విద్యార్థి పట్టా పుచ్చుకొని వెళ్ళేటపుడు సిద్ధాంత గ్రంథంతోపాటు ఈ పుస్తకాన్ని, మిగిలిన గొట్టాల లెక్కను ప్రయోగశాలకు అప్పగించవలెను. పరిశోధనా పత్రంలో సీరం మూలాన్ని "కుందేలు పాలీక్లోనల్" అని రెండు మాటలలో ముగించక, కుందేలు సంఖ్య, రక్తం తీసిన తేదీ, వాడిన పలుచన, పూర్వ సీరంతో వచ్చిన ఫలితం తెలుపవలెను. నిరోధక నమూనా ఖాళీ గడిని ప్రచురించేటపుడు దాని పక్కనున్న లొంగే సంతతి గడిని కత్తిరించకుండా, మొత్తం పొర చిత్రాన్ని జతపరచవలెను.